ముత్తయ్య రెండు దెబ్బలు

ముందే చెప్పేస్తున్నాను, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇంత గట్టిగా ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, మా చిన్నాన్న ప్రతి పెళ్లిలోనూ నా అనుభవాన్ని తనకు తోచినట్టు చెబుతుంటాడు. ఆయన చెప్పేదాంట్లో అమావాస్య ఉంటుంది, అడవి ఉంటుంది, ఈ మధ్య గజ్జెల చప్పుడు కూడా చేరింది. విన్నవాళ్లు నా వైపు జాలిగా చూస్తారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

అది జరిగింది పట్టపగలు, రేకుల షెడ్డులో, అంతమంది చూస్తుండగా. ఒక చనిపోయిన మనిషి మీద అబద్ధం చెప్పిన వాళ్లు కూడా ఆ గుంపులోనే ఉన్నారు. మా చిన్నాన్న ఆ సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పడు.

తొంభైల చివర్లో మాట. ఖమ్మంలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, ఉద్యోగం కోసం తిరిగి తిరిగి, సారపాక అవతల అడవి అంచున ఉన్న ఒక చిన్న కర్రకోత మిల్లులో చేరాను. భద్రాచలంలో ఒక గది కిరాయికి తీసుకుని రోజూ బస్సులో వెళ్లొచ్చేదాన్ని. జామాయిల్ దుంగలు లారీల మీద వచ్చేవి. వాటిని రంపం బల్ల మీదికి ఎక్కించి కోసేవాళ్లు. ఆ ఎక్కించే పని కోసం ఓనరు ఒక ఇనుప చెయ్యి చేయించాడు. ఇప్పుడైతే రోబో అంటారు, మేం ‘చెయ్యి’ అనే అనేవాళ్లం. అది ఎప్పుడు వంగాలో, ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు లేవాలో చెప్పే ప్రోగ్రామ్ రాయడం నా ఉద్యోగం.

అసలు ఆ చెయ్యి ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. అంతకుముందు దుంగలు ఒక ట్రాలీ మీద పట్టాల వెంట రంపం దగ్గరికి వెళ్లేవి. ఆ ట్రాలీ నడిపింది ముత్తయ్య. లోపలి అడవి పల్లె మనిషి. స్విచ్ నొక్కేముందు చేతిలోని స్పానర్‌తో పట్టా మీద రెండుసార్లు కొట్టేవాడట. ఠంగ్, ఠంగ్. అది వినగానే లోపల బెరడు ఊడ్చేవాళ్లు తల కూడా ఎత్తకుండా బయటికి వచ్చేసేవాళ్లు. ఆ తర్వాతే స్విచ్. ఎన్నేళ్లు చేసినా ఒక్కసారి కూడా తప్పలేదని మిల్లులో అందరూ చెప్పారు.

ఒకరోజు ట్రాలీ కింద బెరడు ఇరుక్కుంటే ముత్తయ్యే లోపలికి దూరాడు. ఓనరుగారి బావమరిది, ఆయనే సూపర్‌వైజరు, తొందరపడి స్విచ్ నొక్కేశాడు. దెబ్బలు లేవు, కేక లేదు. ముత్తయ్య ప్రాణం దవాఖానా దాకా కూడా నిలవలేదు.

తర్వాత ఓనరు అందరికీ చెప్పింది ఒకటే, ముత్తయ్య తాగి వచ్చాడని. జన్మలో కల్లు కూడా ముట్టని మనిషిని పట్టుకుని అలా అన్నారు. అతని భార్య సమ్మక్కను అదే షెడ్డులో, అదే బెరడు ఊడ్చే పనిలో పెట్టుకుని, పెద్ద ఉపకారం చేసినట్టు తిరిగారు. ట్రాలీ తీసేసి, పట్టాలు అలాగే వదిలేసి, దాని బదులు చెయ్యి పెట్టించారు. నేను చేరేసరికి ఇదంతా జరిగిపోయింది.

ప్రోగ్రామ్ మొదలుపెట్టే ముందు సమ్మక్కనే అడిగాను, చెయ్యి కదిలేముందు మీకు ఎలా తెలియాలి అని. ఆమె చీపురు పక్కన పెట్టి చెప్పింది.

“మా ఆయన ఉన్నప్పుడు రెండు దెబ్బలు ఇనబడేటియి మేడమ్. గవి ఇంటే మా కాళ్లే బయటికొస్తయి. సూడాల్సిన పని లేదు.”

అందుకని ప్రోగ్రామ్‌లో ఒక చిన్న భాగం రాసి, దానికి ‘వార్న్’ అని పేరు పెట్టాను. స్విచ్ నొక్కగానే చెయ్యి కదలదు. ముందు బజర్ రెండుసార్లు మోగుతుంది, కాసేపు ఆగుతుంది, తర్వాతే చెయ్యి కిందికి వస్తుంది. ఇనుము మోత రాకపోయినా రెండుసార్లు అన్నది అలాగే ఉంచాను. వారం తిరక్కముందే అందరికీ అలవాటైపోయింది.

ఓనరుకు మాత్రం అది నచ్చలేదు. ఖమ్మం నుంచి పెద్ద కొనుగోలుదార్లు మిల్లు చూడ్డానికి వస్తున్నారట. ప్రతి దుంగకీ ఆగడం, మోగడం, మళ్లీ ఆగడం చూస్తే మనది నత్తనడక అనుకుంటారని ఆయన బాధ. ఇది మిల్లా, బ్యాండుమేళమా అన్నాడు. ఆ భాగం తీసెయ్యమన్నాడు. నేను కుదరదన్నాను. కింద మనిషి ఉంటుంది కదా అంటే, చూసుకుని పనిచేసుకోవాలి అన్నాడు. చివరికి దాన్ని కుదించి, ఆగే సమయం కొంచెం తగ్గిస్తానని ఒప్పించాను. పాత భాగం తీసి, కొత్త పేరుతో పొట్టిది రాశాను.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. మేం రాసిన ప్రోగ్రామ్, చెయ్యిని నడిపే చిప్‌కి అర్థం కాదు. దాన్ని కంప్యూటర్‌లో అసెంబ్లర్ అనే సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వాలి. అది మొత్తం చదివి చిప్‌కి కావలసిన అంకెలుగా మారుస్తుంది. దాన్నే బిల్డ్ అంటాం. ఎక్కడైనా తప్పుంటే ఎర్రర్ చూపించి మొండికేస్తుంది. బిల్డ్ అయితేనే చిప్‌లోకి ఎక్కించగలం. చిప్‌లో పాతది చెరపడానికి ప్రత్యేకమైన దీపం ఉండాలి. మాది కాలిపోతే ఓనరు కొత్తది కొనలేదు. చిప్ మీది చిన్న గాజు కిటికీకి ఎండ తగిలేలా ఆఫీసు డాబా మీద రోజుల తరబడి పెట్టేదాన్ని, పక్కన వాళ్లావిడ మిరపకాయలు ఎండేవి. రోబోలు తయారుచేసే మా వైభోగం అది.

బిల్డ్ చేశాను. ఎర్రర్ వచ్చింది. ‘వార్న్’ అనే పేరును పిలుస్తున్నారు, అది ఎక్కడా లేదు అని.

ఇది చాలా మామూలు తప్పు. ఒక భాగాన్ని తీసేస్తాం, ఎక్కడో ఒక మూల దాన్ని పిలిచే లైను మిగిలిపోతుంది. వెతికాను. లేదు. ఆ పేరు ఫైల్ మొత్తంలో ఎక్కడా లేదు. ఎర్రర్ చూపించిన లైను దగ్గరికి వెళ్తే అది ఖాళీ లైను. దాన్ని చెరిపేస్తే, ఎర్రర్ తర్వాతి లైనుకి జరిగింది.

పాత ఫైల్‌ని బిల్డ్ చేస్తున్నానేమోనని పాతవన్నీ తీసేశాను. ఆ రోజుల్లో వైరస్‌లు ఫ్లాపీల వెంట వచ్చేవి, ఆ పరీక్ష కూడా చేశాను. కంప్యూటర్ ఆపి, తుడిచి, మళ్లీ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. అదే ఎర్రర్. పాత భాగం తిరిగి పెడితే సున్నా ఎర్రర్లు. తీస్తే మళ్లీ అదే.

మొండితనంలో నేనేం తక్కువ తినలేదు. ప్రోగ్రామ్ కాగితం మీద ప్రింట్ తీసుకుని ఖమ్మం వెళ్లాను. నేను చదువుకున్న చోట మా పాత లెక్చరర్‌ని బతిమాలి, వాళ్ల కంప్యూటర్‌లో, వాళ్ల అసెంబ్లర్‌తో, కాగితం చూసుకుంటూ మొదటి నుంచి టైప్ చేశాను. ఆ కంప్యూటర్‌కి మా మిల్లు మొహం తెలియదు, నా ఫ్లాపీ దానికి తగల్లేదు, ఆ పేరు నేను టైప్ చెయ్యలేదు. అది కూడా ‘వార్న్’ ఏదీ అని అడిగింది.

మా లెక్చరర్ కూడా చాలాసేపు చూశాడు. ఆ భాగం పెడితే పనిచేస్తోంది కదా, ఇంకేం కావాలమ్మా అని టీ తెప్పించాడు. సైన్సు చెప్పే మనిషి అలా తేల్చేసినందుకు నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

తిరిగొచ్చి ఓనరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దీన్ని బిల్డ్ చేయించే అడ్డదారి ఒకటుందని కూడా చెప్పాను. ‘వార్న్’ అనే పేరు పెట్టి లోపల ఏమీ రాయకుండా వదిలేస్తే సాఫ్ట్‌వేర్ నోరు మూసుకుంటుంది. కానీ పొట్టి చేస్తానన్నది సరే, కారణం తెలియకుండా హెచ్చరిక మీద మాత్రం చెయ్యి వెయ్యనన్నాను. ఆయన విని ఊరుకున్నాడు. ఊరుకున్నాడనే అనుకున్నాను.

కొనుగోలుదార్లు వచ్చే రోజు పొద్దున నేను వెళ్లేసరికి హైదరాబాద్ నుంచి పిలిపించిన ఇంజనీరు ఒకాయన నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందురోజు సాయంత్రమే వచ్చాడట. నేను చెప్పిన అడ్డదారే తొక్కాడు, నా పొట్టి భాగం కూడా పీకేశాడు. ఖాళీ పేరు, సున్నా ఎర్రర్లు. కొత్త చిప్ చెయ్యి బోర్డులో పెట్టేశాడు. బజర్ కూడా ఊడదీసి ఓనరు చేతిలో పెడితే, ఆయన దాన్ని తన టేబుల్ సొరుగులో వేసి తాళం పెట్టాడు. నాకు తాళంచెవి చూపించి మరీ చెప్పాడు.

“నీకు ఇన్నాళ్లూ కానిది ఆయనకి ఒక్క సాయంత్రంలో అయిపోయిందమ్మా.”

సమ్మక్కకు చెప్పారా అని అడిగాను. ఓనరు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. నేను షెడ్డు వైపు పరుగెత్తాను.

షెడ్డులో రంపం తిరుగుతోంది, ఆ మోతలో పక్కనున్నవాళ్ల మాట కూడా వినపడదు. కొనుగోలుదార్లు అప్పటికే నిలబడి ఉన్నారు. సమ్మక్క చెయ్యి కింద వంగి, వీపు మా వైపు పెట్టి బెరడు ఊడుస్తోంది. ఆమెకు తెలిసిందల్లా ఒకటే, రెండుసార్లు మోగితే బయటికి రావాలి. మోగకపోతే ఇంకా సమయముందని అర్థం. ఆమె ఉన్నది అవతలి వైపు, సూపర్‌వైజరు నిలబడ్డ చోటికి కనబడదు. నేను అరుస్తూనే ఉన్నాను. సూపర్‌వైజరు, ఆ బావమరిదే, స్విచ్ నొక్కాడు. నొక్కడం నా కళ్లతో చూశాను.

చెయ్యి కదల్లేదు.

అప్పుడు ఇనుము మీద ఇనుము కొట్టినట్టు రెండు దెబ్బలు వినిపించాయి. రంపం మోత మీద కూడా స్పష్టంగా. ఠంగ్, ఠంగ్. సమ్మక్క తల ఎత్తలేదు. చీపురుతో సహా మామూలుగా బయటికి వచ్చేసింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత చెయ్యి ఆమె వంగి ఉన్న చోటికి దిగి, దుంగను పట్టుకుని లేచింది.

కొనుగోలుదార్లు తలలూపారు. వాళ్లకు ఏమీ తెలియదు.

సమ్మక్క నా దగ్గరికి వచ్చింది.

“మేడమ్, గది బజర్ కాదు గదా,” అంది. కాదని చెప్పాను. ఆమె పట్టాల పక్కనే నేల మీద కూర్చుండిపోయింది.

నేను వెంటనే చుట్టూ చూశాను. ముత్తయ్య స్పానర్ షెడ్డు గోడకు మేకు మీద దాని చోటే ఉంది. కూలీలందరూ బయట లారీ దించుతున్నారు. షెడ్డులో ఉన్నవాళ్లంతా నా ఎదురుగానే ఉన్నారు, ఎవరి చేతిలోనూ ఇనుము లేదు. పోనీ దెబ్బలు ఎక్కడి నుంచో వచ్చాయే అనుకుందాం. చెయ్యి ఎందుకు ఆగింది?

కొనుగోలుదార్లు వెళ్లగానే ఓనరు నా మీద పడ్డాడు. నేనే దొంగతనంగా పాత చిప్ మార్చానన్నాడు, ఆయన పరువు తీయాలని కుట్ర చేశానన్నాడు. బజర్ ఎలా మోగిందని అడిగాడు. సొరుగు తియ్యమన్నాను. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. తీశాడు. బజర్ లోపలే ఉంది.

హైదరాబాద్ ఇంజనీరు తన చేతులతోనే చిప్ పీకి, కంప్యూటర్‌కి తగిలించి, లోపలున్నది చదివించాడు. ఆయన ఎక్కించిందే, ఒక్క అంకె తేడా లేకుండా ఉంది. ఆగడం అనేది అందులో ఎక్కడా లేదు. రెండోసారి చదివించాడు. ఆ తర్వాత భోజనానికి కూడా ఆగకుండా బస్సెక్కేశాడు.

అయినా నా ఉద్యోగం పోయింది. నింద వెయ్యడానికి ఓనరుకి ఎవరో ఒకరు దొరకాలి కదా. ఇన్నేళ్లలో నన్ను చాలామంది అడిగారు, నిజం చెప్పు, నువ్వే ఏదో పెట్టావు కదా అని, మెచ్చుకుంటున్నట్టు. నాకు అంతకంటే ఒళ్లు మండే మాట లేదు. నేను పెట్టి ఉంటే ఊరంతా చాటుకునేదాన్ని. ఒక మనిషి ప్రాణం కాపాడినందుకు ఎవరైనా సిగ్గుపడతారా?

ఆ సాయంత్రం నా సామాను తీసుకోవడానికి షెడ్డు వెనకనుంచి వెళ్లాను. కూలీలందరూ వెళ్లిపోయారు, సమ్మక్క కూడా లేదు. చెయ్యి మధ్యలో ఆగి ఉంటే దాన్ని పైకి లేపడానికి ఓనరు ఒక్కడే స్విచ్ దగ్గర నిలబడ్డాడు. నేను కనబడలేదు ఆయనకి. అటూ ఇటూ చూశాడు. గోడకున్న స్పానర్ తీశాడు. పట్టా మీద రెండుసార్లు కొట్టి, కాసేపు ఆగి, అప్పుడు స్విచ్ నొక్కాడు.

ముత్తయ్య తాగి వచ్చాడన్న మాటను మాత్రం ఆయన ఏనాడూ వెనక్కి తీసుకోలేదు. సమ్మక్క మర్నాటి నుంచి పనికి రాలేదని, పల్లెకు వెళ్లిపోయిందని తర్వాత విన్నాను.

ఆ ఎర్రర్ ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. ఆ తర్వాత ఎన్నో చిప్‌లకు ప్రోగ్రామ్‌లు రాశాను, ప్రతి ఎర్రర్‌కీ చివరికి ఏదో ఒక కారణం దొరికింది, ఆ ఒక్కదానికి తప్ప. చెయ్యి ఎందుకు ఆగిందో తెలియదు. ఆ రెండు దెబ్బలు ఎవరు కొట్టారో అసలే తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్లంటే నాకు చిరాకు, అందులో మా చిన్నాన్న ఒకడు.

నాకు తెలిసింది ఒక్కటి. ఆ రోజు ముత్తయ్య తాగలేదు.