ట్యాంకు మీది అతుకు

తొంభైల మధ్యలో మా ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు దాదాపు నాలుగు నెలలు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఒకే పొయ్యి మీద వండింది తిన్నారు, ఒకే లారీని విప్పారు, బిగించారు. కానీ ఒకరి మొహం ఒకరు చూడలేదు. వాళ్ళ మధ్య నడవాల్సిన మాటలన్నీ నేనే మోశాను. అందుకు వాళ్ళిద్దరి మీదా నాకు పట్టిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఒకరు నా భర్త. మా అమ్మకి చిన్న తమ్ముడు. పెళ్ళికి ముందు మామ అని పిలిచాను, తర్వాతా అలాగే పిలిచాను. ఇంకొకరు మా అమ్మకి అన్న, పెద్దమామ. భార్య పోయాక ఆయన మా ఇంట్లోనే ఉండేవాడు. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలున్న వీధి వెనక ఆయనకి ఒక పట్టరై ఉండేది. అంటే ఒక లేతు, ఒక వెల్డింగ్ సెట్టు, పైన రేకులు, అంతే. ఆ ఫ్యాక్టరీల్లో ఒకదానిలో నేను పెట్టెల్లో పుల్లలు నింపే పనికి వెళ్ళేదాన్ని.

ఆ లారీని వాళ్ళు కొనలేదు, కట్టారు. చాసిస్ విరుదునగర్ పాత ఇనుము కొట్లో దొరికింది. ఇంజన్ ఇంకో బండిది. బోర్లు వేసే బండి కంప్రెసర్ నుంచి ఊడదీసిన టర్బో ఒకటి పెద్దమామ ఎక్కడినుంచో తెచ్చాడు. ఇంజన్ వదిలే పొగ జోరుతోనే తిరుగుతూ ఇంజన్‌లోకి మరింత గాలిని తోసే చక్రం అది. గాలి ఎక్కువైనప్పుడు డీజిల్ కూడా ఎక్కువ అందాలి. రెండూ సమంగా అందితే పాత ఇంజన్ కూడా కొత్తదానిలా లాగుతుంది. ఈ సంగతి నేను బడిలో నేర్చుకోలేదు. అన్నం వడ్డిస్తూ రోజూ విని నేర్చుకున్నాను.

పని పంచుకున్నారు. ఇంజన్, టర్బో పెద్దమామవి. ట్యాంకు, గొట్టాలు, వైర్లు, వెనక బాడీ మామవి. నడిపేది కూడా మామే. పెద్దమామకి నోటి దురుసు. చిన్న బోల్టు వంకరగా బిగించినా పట్టరై ముందు టీ తాగేవాళ్ళందరికీ వినిపించేలా తిట్టేవాడు. మామకి అప్పటికే ముప్పై దాటింది. తిట్లు తిని తల వంచుకుని ఇంటికి వచ్చి, ఆ కోపం నా మీద చూపించేవాడు.

బండి రోడ్డెక్కింది. క్వారీలో కంకర ఎత్తుకుని విరుదునగర్ వైపు వెళ్ళడం పని. ఖాళీగా ఉన్నప్పుడు గాలిలా పోయేది. లోడుతో సాత్తూరు దాటాక ఒక ఎత్తు వస్తుంది. అక్కడ సగం ఎక్కేసరికి ఇంజన్ గొంతు పట్టేసినట్టు నీరసించి ఆగిపోయేది. మామ దిగి, ఇంజన్ పక్కనున్న డీజిల్ ఎక్కించే చేతి పంపు కొట్టి మళ్ళీ స్టార్ట్ చేసేవాడు. రెండు వందల గజాలు పోయి మళ్ళీ ఆగేది. వెనక బస్సులు హారన్లు కొట్టేవి. ఒకసారి బస్సు డ్రైవరు దిగి వచ్చి మామ చొక్కా పట్టుకున్నాడు.

ఫిల్టర్లు మార్చారు. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడు పంపు మార్చారు. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే పెద్ద పంపుని విప్పి విరుదునగర్‌లో పంపులు సరిచేసే మనిషి దగ్గరికి తీసుకుపోయారు. అతను బెంచీ మీద నడిపించి చూసి, ఇందులో లోపం లేదని తిప్పి పంపాడు. అప్పుడు మామ అన్నాడు, తప్పు టర్బోదని. ఆ మాట పట్టరై ముందు, టీ తాగేవాళ్ళ మధ్య అన్నాడు. పెద్దమామ చేతిలో స్పానర్ ఉంది. కొట్టలేదు కానీ, "నా పని మీద నోరు పెట్టేదానికి నువ్వెంత, నీ చదువెంత" అని మొదలుపెట్టి, పుట్టినప్పటి నుంచి మామ చేసిన తప్పులన్నీ వరసగా చదివాడు. మామ ఊరుకోలేదు. పోయిన అత్తని కూడా మాటల్లోకి లాగాడు. ఆ రోజుతో మాటలు ఆగిపోయాయి.

"వాడికి చెప్పమ్మా, టర్బో మళ్ళా విప్పినాను, లోపల అంతా సరిగా ఉండాది అని."

"పోయి చెప్పు నీ పెద్దమామకి, సరిగా ఉంటే బండి ఎందుకు నిలుస్తాది అని."

ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్ళు. నేను మధ్యలో నిలబడి, విన్నదే మళ్ళీ చెప్పాలి. చెప్పకపోతే ఇద్దరూ కలిసి నన్ను తిట్టేవాళ్ళు. ఆ ఒక్క విషయంలోనే వాళ్ళకి పొత్తు కుదిరేది.

టర్బోని మూడుసార్లు విప్పాక పెద్దమామ నన్ను పిలిచాడు. "రేపు పనికి పోవొద్దు. బండిలో కూర్చొని పో. ఎత్తు ఎక్కేటప్పుడు అద్దంలో వెనక పొగ చూడు. నల్లగా కుమ్ముకొని వస్తే గాలి చాల్లేదని అర్తం. తప్పు నాది. పొగే లేకుండా చచ్చిపోతే డీజిల్ చాల్లేదని అర్తం. తప్పు వాడిది."

"మీరే పోయి చూడొచ్చు కదా పెద్దమామా."

"వాడి పక్కన నేను కూర్చోను."

ఒక రోజు కూలి వదులుకుని బండెక్కాను. కంకర లోడు. వేసవి. సాత్తూరు దాటాం. ఎత్తు మొదలైంది. నేను అద్దంలోంచి కళ్ళు తీయలేదు. మొదట కొంచెం నల్ల పొగ వచ్చింది, తర్వాత పలచబడింది, తర్వాత ఏమీ లేదు. వెనక రోడ్డు శుభ్రంగా, ఎండలో మెరుస్తూ కనిపించింది. ఇంజన్ ఆగిపోయింది.

మామ హ్యాండ్ బ్రేకు లాగాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నల్లగా వచ్చింది అని చెప్పు."

"రాలే కదా."

"రాలేదని నాకూ తెలుసు. నువ్వు చెప్పు."

ఇంటికి వచ్చాక పెద్దమామ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. "పొగ వచ్చిందా?" అని అడిగాడు. మామ నా వెనకే ఉన్నాడు. "రాలే" అన్నాను. నిజం మీద ప్రేమతో చెప్పలేదు. ఆ బస్సుల హారన్ల మధ్య మళ్ళీ ఒకసారి కూర్చోవడం నా వల్ల కాదు, అందుకని చెప్పాను. మామ ఆ పూట అన్నం తినలేదు. పెద్దమామ రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. అది చూసి ఆయన మీద కూడా నాకు అసహ్యం వేసింది.

మర్నాడు పెద్దమామ ఒక ప్లాస్టిక్ డబ్బాలో డీజిల్ నింపి, క్యాబిన్ పైన కట్టాడు. ట్యాంకుని వదిలేసి, ఆ డబ్బా నుంచే ఇంజన్‌కి గొట్టం ఇచ్చాడు. లోడుతో ఆ ఎత్తు బండి ఒక్క ఊపులో ఎక్కేసింది. అంటే టర్బో బాగుంది, పంపు బాగుంది. లోపం ట్యాంకుకీ ఫీడు పంపుకీ మధ్య ఉంది. ఆ నాలుగు గజాలూ మామ పని.

"నా ట్యాంకు మీద ఎవురూ చెయ్యి వేయకూడదు అని చెప్పు" అన్నాడు మామ నాతో.

"చెయ్యి వేయను. కళ్ళతో చూస్తాను అని చెప్పు" అన్నాడు పెద్దమామ నాతో.

పెద్దమామ ట్యాంకుని తాకకుండా, దాని నుంచి వచ్చే గొట్టాన్ని మధ్యలో కోసి, గాజులా కనిపించే ప్లాస్టిక్ ట్యూబు అతికించి, గేరు కర్ర సందులోంచి క్యాబిన్‌లోకి తెచ్చి మళ్ళీ కిందికి దించాడు. మళ్ళీ నేనే వెళ్ళాను. ట్యూబు నా మోకాళ్ళ మధ్య ఉంది. చదును రోడ్డు మీద డీజిల్ తేనె రంగులో నిండుగా కదిలింది. ఎత్తు మొదలై మామ యాక్సిలరేటర్ తొక్కగానే ట్యూబులో చిన్న బుడగలు వచ్చాయి. తర్వాత పెద్దవి. తర్వాత ట్యూబులో సగం గాలే. మామ కూడా చూశాడు. బండి ఆగకముందే ఆయన మొహం తెల్లబోయింది. అది ఆశ్చర్యం కాదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

పట్టరైకి వచ్చాక పెద్దమామ మామని అడగకుండానే ట్యాంకు పక్కకి వెళ్ళి, పైన గొట్టం బయటికి వచ్చే చోట స్క్రూడ్రైవర్ మొనతో గీకాడు. నల్ల రంగు ఊడింది. రంగు కింద బూడిద రంగు పుట్టీ. అది బిళ్ళలా లేచి వచ్చింది. దాని కింద గొట్టం అతుకు చుట్టూ సన్నని చీలిక. ట్యాంకు పైభాగం కాబట్టి అక్కడి నుంచి డీజిల్ కారదు, ఎవరికీ కనిపించదు. ఇంజన్ గట్టిగా లాగినప్పుడు మాత్రం ఆ చీలికలోంచి గాలి గొట్టంలోకి పోతుంది.

"ఎవురు పెట్టింది ఇది?" అని పెద్దమామ నన్నే అడిగాడు.

రెండు ముద్దలు కలిపి పిసికితే గట్టిపడే పుట్టీ అది. బండి కట్టే రోజుల్లో ఒక సాయంత్రం మామ ఇంటికి తెచ్చి, తన చేతులు జిడ్డుగా ఉన్నాయని నా చేత పిసికించుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు.

"మామ పెట్టినాడు. పిసికి ఇచ్చింది నేను" అన్నాను.

పెద్దమామ మామ వైపు తిరిగాడు. నాలుగు నెలల తర్వాత మామే మొదట నోరు తెరిచాడు.

"బిగించేటప్పుడు చెయ్యి జారి ట్యాంకు కింద పడింది. అతుకు చీలింది. నీ దగ్గరికి తెచ్చుంటే ఏం చేసుందువు?"

"తిట్టుందును."

"అందుకే తేలే."

"మూడుసార్లు విప్పినాను రా టర్బో. చూస్తా కూర్చున్నావు."

"ఆమా" అన్నాడు, అవునని. "కూర్చున్నాను."

పెద్దమామ గొట్టం ఊడదీసి, శుభ్రం చేసి, ఇత్తడి పోసి అతికించాడు. పది నిమిషాల పని. చల్లారాక బిగించాడు. ఆ వారం నుంచి బండి ఆ ఎత్తు దగ్గర ఎప్పుడూ ఆగలేదు.

అందరూ అనుకుంటారు, లోపం దొరికింది కాబట్టి ఇల్లు చల్లబడి ఉంటుందని. ఆ సాయంత్రం మామ నన్ను అడిగింది ఒకే ప్రశ్న.

"నువ్వు ఎవురికి పెండ్లానివి?"

"నీకే. అందుకే నాలుగు నెల్లు మోసినాను. ఇంక మోయను. నీకేమన్నా చెప్పాలంటే పోయి మీ అన్నకి నువ్వే చెప్పు" అన్నాను. పెద్దమామ గోడ అవతల వింటున్నాడని తెలిసే గట్టిగా అన్నాను.

మాట మీద నిలబడ్డాను. మర్నాడు పెద్దమామ "వాడికి చెప్పమ్మా" అని మొదలుపెడితే లేచి నీళ్ళకి వెళ్ళిపోయాను. రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మూడో రోజు బ్రేకు సంగతి ఏదో తప్పనిసరిగా చెప్పుకోవాల్సి వచ్చింది. పెద్దమామ మామని నేరుగా బూతుతో పిలిచాడు. మామ కూడా బూతుతోనే పలికాడు. అప్పటినుంచి వాళ్ళ మాటలన్నీ అలాగే సాగాయి. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదనిపించింది. మామ నాతో మామూలుగా మాట్లాడడానికి వానలు పడేదాకా పట్టింది. ఆ అతుకు గురించి మాత్రం నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. తప్పైందని అనలేదు. నేనూ పుట్టీ ఎందుకని అడగకుండా పిసికినందుకు బాధపడ్డానే గానీ, ఆయనతో చెప్పలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాత బండి అమ్మేశారు. అప్పటికి పెద్దమామ ఒంట్లో బలం తగ్గింది. మామ తిరుత్తంగల్‌లో ఒక గోడౌను బండి నడపడానికి ఒప్పుకున్నాడు. కొనడానికి వచ్చినతను ఒట్టపిడారం వైపు రైతు. పట్టరై ముందు బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, బానెట్ ఎత్తించి చూశాడు. పాత ఇంజన్‌కి ఇంత ఊపు ఎలా వచ్చిందని ఆశ్చర్యపడి, "దీన్ని ఎవరు కట్టింది?" అని తమిళంలో అడిగాడు.

"నాన్‌దాన్" అన్నారు ఇద్దరూ ఒకేసారి. నేనే అని.

ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరూ మాట వెనక్కి తీసుకోలేదు. కొనేవాడు నవ్వు ఆపుకుని, కాఫీ ఇవ్వడానికి వచ్చిన నన్ను అడిగాడు, ఎవరమ్మా నిజంగా కట్టింది అని. వాళ్ళిద్దరూ నా వైపు చూశారు.

నాకు తెలియదని చెప్పి, ఖాళీ గ్లాసులు తీసుకుని ఇంటికి వచ్చేశాను.