ఒకే ఒంట్లో రెండు

నరసాపురంలో మా అరుగు మీద లేసు అల్లుకుంటున్న ఓ మధ్యాహ్నం, పక్కింటి రత్నం నా చెయ్యి పట్టుకుని, "ఏంటి వదినా, గోళ్ళు దారంలా తెల్లబడిపోయాయి?" అంది. చూసుకున్నాను. అవి నా చేతులు కావేమో అనిపించింది. అప్పటికే నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. వయసని సరిపెట్టుకున్నాను.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఆరు. నాలుగు నెలలు ఐరన్ మాత్రలు మింగినా పెరగలేదు. ఎందుకని అప్పుడు అడిగితే రాజమండ్రి పంపారు. అక్కడ కొలనోస్కోపీ చేసి, పెద్దపేగులో కుడివైపు గడ్డ ఉందన్నారు. బయాప్సీలో కేన్సరని తేలింది. ఎంతవరకు పాకిందో చూద్దామని సీటీ స్కాన్ తీస్తే, ఎడమ కిడ్నీలో ఇంకో గడ్డ కనిపించింది.

ఇంకెవరిదో స్కాను కలిసిపోయిందేమోనండి అని మా ఆయన అడిగారు. సర్జన్ గారు విసుక్కోలేదు. స్క్రీన్ మా వైపు తిప్పి నా పేరు చూపించారు.

"ఇది పేగులోంచి పాకినట్టు లేదమ్మా. కిడ్నీలోనే విడిగా పుట్టింది. రెండూ ఒకే ఆపరేషన్‌లో తీసేద్దాం."

పాకకపోవడం మంచి కబురేనని తర్వాత అర్థమైంది. ఆ రోజు మాత్రం భయమే. మొదటిది నా రక్తం తాగి బయటపడింది. రెండోదానికి నొప్పీ లేదు, జ్వరమూ లేదు. ఎడమ నడుం మీద చెయ్యి వేసుకుని కూర్చునేదాన్ని. ఏమీ తగిలేది కాదు. ఎన్నాళ్ళుగా నాతోపాటు అన్నం తింటోందో అనుకుంటే ముద్ద దిగేది కాదు.

ఆపరేషన్‌కి ఏడు గంటలు పట్టింది. పేగులో కుడి భాగం, కిడ్నీలో గడ్డ ఉన్నంత మేర తీసేశారు. మూడో రోజు ఇన్‌ఫెక్షన్‌తో జ్వరం వచ్చింది. ఐసీయూలో దీపాలు ఆర్పరు, పగలో రాత్రో తెలియదు. మంచానికి అటొకరు, ఇటొకరు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి లేసు అల్లుతూ కనిపించారు. ఒకరినొకరు చూసుకోరు. నాతో మాట్లాడరు. నర్సుని అడిగితే అక్కడెవరూ లేరంది. ఐసీయూ డెలీరియం అంటారని, జ్వరానికీ మందులకీ అలా కనిపిస్తుందని డాక్టరు గారు చెప్పారు. రెండు రోజులకి తగ్గింది.

వార్డుకి మార్చాక మా ఆయన అన్నారు, "వాళ్ళకి కుర్చీలు వెయ్యమని ఏడ్చావు. నర్సుని బతిమాలి రెండు వేశాను. ఖాళీగానే ఉన్నాయి కదాని ఒకదాంట్లో కూర్చోబోయాను. ఎందుకో కూర్చోలేకపోయాను."



ఫైనల్ బయాప్సీలోనూ రెండూ వేర్వేరు కేన్సర్లనే వచ్చింది. పేగుది పక్కనున్న లింఫ్ గ్రంథులకి చేరడంతో ఆరు నెలలు కీమో ఇచ్చారు. వేళ్ళు తిమ్మిరెక్కి సూది జారిపోయేది. ఇప్పటికి రెండేళ్ళయింది. సన్న పూలు అల్లలేను గానీ పెద్ద డిజైన్లు చేస్తున్నాను. మొన్నటి స్కానులో ఏమీ లేదు.

ఒంట్లో రక్తం తగ్గిందంటే మాత్రలు తీసుకుని ఇంటికి వచ్చేయకండి. ఆ రక్తం ఎటు పోతోందండీ అని డాక్టరు గారిని అడగండి. నేను అడగడానికి నాలుగు నెలలు పట్టింది.