టైలరమ్మ తుపాకీకి కొత్త కర్ర

టైలరమ్మ చేతిలో కత్తెర చూడని ఇల్లు ఆ వీధిలో లేదు గానీ, తుపాకీ చూసినవాళ్లు తక్కువే. వారానికి ఆరు రోజులు కిటికీ పక్కన మిషను మీద వంగి జాకెట్లూ, స్కూలు యూనిఫారాలూ కుడుతుంది. ఏడో రోజు పొద్దున్నే పొడుగాటి సంచీ భుజాన తగిలించుకుని, మొగుణ్ణి వెంటేసుకుని ఊరి చివరున్న గురి క్లబ్బుకి వెళ్తుంది. అక్కడ బల్ల ముందు కూర్చుని, యాభై మీటర్ల అవతల కాగితం మీదున్న నల్లచుక్కని కొడుతుంది. వాళ్ల నాన్న నేర్పిన విద్య అది. ఆయన వాడిన తుపాకీనే ఈవిడ పేరు మీదికి మార్పించుకుంది. అత్తగారు బతికున్నన్నాళ్లూ ఆ సంచీ ఉన్న గదిలో మాత్రం కోడలితో గొడవ పెట్టుకోలేదని మొగుడు ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంటాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మాటకి చిల్లర బాకీ పెట్టే అలవాటు లేదు.

ఇక అసలు సంగతి. ముప్పై ఏళ్లు మిషను మీద వంగీ వంగీ టైలరమ్మ మెడ బిగుసుకుపోయింది. దానికి తోడు చత్వారం. చుక్క సరిగా కనపడాలని తుపాకీ మీద దుర్భిణి బిగించుకుంటే అది కాస్త ఎత్తుగా కూర్చుంది. చెంప ఆనించే కర్రేమో పాతది, ఎత్తు చాలదు. చెంప కర్రకి ఆనిస్తే కన్ను దుర్భిణికి అందదు, కన్ను అందిస్తే చెంప గాల్లో ఉంటుంది. తలని మెడే మోయాలి. నాలుగు గుళ్లు పేల్చేసరికి నరాలు లాగేసేవి. క్లబ్బు జట్టులో నలుగురికే చోటు. ఎప్పుడూ రెండో స్థానంలో ఉండే మనిషి ఆరుకి దిగిపోయింది. పదిహేను రోజుల్లో ఎంపిక. ఈసారి జట్టులో లేకపోతే తుపాకీ అమ్మేసి మెడకి పట్టీ వేసుకుని కూర్చుంటానని మొగుడితో అనేసింది. అన్నాక రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

"అమ్మేది తర్వాత, ముందు ఆ మరమ్మతు షాపాయనకి చూపిద్దాం పద" అన్నాడు మొగుడు.

మరమ్మతు షాపు ముసలాయన టైలరమ్మ నాన్నకి స్నేహితుడు. ఇరుకు గది, నూనె వాసన, గోడకి వరసగా కర్రలు. తుపాకీలో గొట్టాన్ని మోసేదీ, చెంప ఆనేదీ, భుజానికి తగిలేదీ అంతా ఆ కర్రే. ముసలాయన ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, గొట్టాన్ని పాత కర్రలోంచి విప్పి పక్కన పెట్టాడు.

"ఇప్పుడు కావలసినట్టు జరుపుకునే కర్రలొచ్చాయమ్మా. చెంప దగ్గర పైకి లేస్తుంది, భుజం దగ్గర వెనక్కి జరుగుతుంది" అంటూ మూడు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మొదటిది నల్ల ప్లాస్టిక్‌ది. మీట నొక్కితే జరుగుతుంది. చేత్తో పట్టుకుంటే ఈకలా ఉంది.

"తేలికేగా, ఇదే బాగుంది" అన్నాడు మొగుడు.

"వెనక తేలికైతే ముందు బరువవుతుందండీ. గొట్టం మూతి కిందకి లాగేస్తుంది" అంది టైలరమ్మ.

రెండోది అల్యూమినియంది. నిలువునా, అడ్డంగా, వంకరగా, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. దానికి పద్నాలుగు మరలున్నాయి.

"ఇది తుపాకీయా, ఇస్త్రీ బల్లా బాబాయ్?" అంది.

ముసలాయన నవ్వి మూడోది అందించాడు. పలచటి చెక్కలు పొరలు పొరలుగా అతికించి చేసింది. చెంప దిమ్మకి రెండు కడ్డీలు, భుజం దగ్గర రబ్బరు మెత్త, మరలన్నిటికీ తాళంచెవి లాంటి చిన్న పానా ఒక్కటే. టైలరమ్మ బట్ట నాణ్యం చూసినట్టు బొటనవేలితో రుద్ది చూసింది. మొహం విచ్చుకుంది.

"నచ్చితే సరిపోదమ్మా, గొట్టం ఇందులో సరిగ్గా కూర్చోవాలి" అని ముసలాయన గొట్టాన్ని అందులో బిగించి, ఒక కాగితం ముక్కని గొట్టానికీ కర్రకీ మధ్య జరిపాడు. ఎక్కడా ఆగకుండా జరిగింది. "గొట్టం కర్రకి రాసుకోకూడదు. రాసుకుంటే గురి రోజుకో రకంగా ఉంటుంది. ఇప్పుడు కళ్లు మూసుకుని చెంప పెట్టు. పెట్టాక తెరువు."

తెరిస్తే దుర్భిణిలో సగం చీకటి. దిమ్మ కాస్త లేపాడు. మళ్లీ మూసి తెరిచింది. మూడోసారికి పున్నమి చంద్రుడిలా నిండుగా కనపడింది. మెడకి పనే లేదు.

కర్ర పొడుగు దగ్గరే వచ్చింది పేచీ. ముసలాయన ఒక కొలత పెడితే, టైలరమ్మ ఇంకో రెండు వేళ్లు వెనక్కి జరపమంది.

"అవసరం లేదమ్మా."

"ముప్పై ఏళ్లుగా ఒంటి కొలతలు తీస్తున్నాను బాబాయ్, నాకు తెలీదా?"

ముసలాయన ఆవిడ చెప్పినట్టే రెండు వేళ్లు వెనక్కి జరిపి బిగించి, పానా చేతికిచ్చాడు.

ఎంపికకి ముందురోజు సాధనకి వెళ్లారు. మందపాటి గురి కోటు తొడుక్కుని, కొత్త కర్ర భుజానికి ఆనించింది. పది గుళ్లు పేల్చింది. కాగితం తెప్పించి చూస్తే మశూచి మచ్చల్లా ఎక్కడ పడితే అక్కడ. మెడ మళ్లీ లాగుతోంది. కాగితం మడిచి పక్కన పెట్టి, "కొత్త కర్రా ఇంతే. లోపం నాలోనే ఉంది" అంది.

వెనక కుర్చీలో కూర్చున్న మొగుడు గొంతు సవరించుకున్నాడు.

"ఒకటి అడగనా? కోప్పడకూడదు."

"అడగండి."

"తాబేలులా మెడ ముందుకి సాగదీస్తున్నావెందుకు?"

"దుర్భిణి దూరంగా ఉంది."

"ఎందుకు దూరమైంది?"

"రెండు వేళ్లు వదిలాను కదా."

"ఎందుకు వదిలావ్?"

టైలరమ్మ చెప్పబోయి ఆగింది. ఏ జాకెట్ కుట్టినా పక్క కుట్లలో రెండు వేళ్ల బట్ట వదలడం ఆవిడ పద్ధతి. మనిషి ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చని.

"జాకెట్టుకంటే సరే. మరి ఈ వయసులో నీ చెయ్యి ఏమన్నా పొడుగెదుగుతుందా?" అన్నాడు మొగుడు.

ఆవిడ ఆయన వంక గుర్రుగా చూసి, చూస్తూ చూస్తూనే నవ్వేసింది. పక్క బల్ల వాళ్లు తలలు తిప్పేంత నవ్వు. "పైగా షాపులో పలచటి చీర జాకెట్లో ఉన్నాను. ఈ కోటు మందం ఎవరు లెక్కేశారు, నా మొహం" అంటూ పానా తీసింది. కోటు మీదే భుజానికి ఆనించుకుంటూ, కొంచెం కొంచెంగా మూడు వేళ్లు ముందుకి జరిపింది. తర్వాతి అయిదు గుళ్లూ ఒక చొక్కా బొత్తాం కింద దాగేంత దగ్గరగా పడ్డాయి.

ఆదివారం ఎంపికలో చివరి గుండు కాస్త కుడికి పోయింది. అయినా అప్పటిదాకా నాలుగో స్థానంలో ఉన్న మందుల షాపు ఆవిడ కంటే ఒక్క పాయింటు ఎక్కువొచ్చి నాలుగో చోటు దక్కింది.

"కొత్త కర్ర తెచ్చుకుని నన్ను తోసేశావు కదక్కా" అంది మందుల షాపు ఆవిడ, మూతి తిప్పుకుంటూ.

"నువ్వు నాకంటే పదేళ్లు చిన్నదానివే. వచ్చే ఏడు నన్ను తొయ్యి" అంది టైలరమ్మ.

క్లబ్బు శిక్షకురాలు బోర్డు మీద నాలుగు పేర్లు రాసి వెళ్లిపోయింది. టైలరమ్మ దగ్గరికెళ్లి నాలుగో పేరు చదువుకుంది. వెనక్కొచ్చి బల్ల ముందు కూర్చుంది.

"ఇంక వెళ్దామా? ఆకలేస్తోంది" అన్నాడు మొగుడు.

"పెట్టెలో ఇంకా ఎనిమిది గుళ్లున్నాయండీ. కూర్చోండి" అని చెంప ఆనించింది.