నాలుగో ఆల్బంలో ఎనిమిది నిమిషాలు

ఆ బ్యాండు మళ్ళీ కలిసిందట. పేపర్లో ఫోటో వేశారు. నలుగురికీ పొట్టలొచ్చాయి, పాడేవాడికి బట్టతల వచ్చింది, అయినా నల్లకళ్ళద్దాలు మాత్రం వదల్లేదు. కుర్రతనంలో నేను ఈ మనుషుల కోసం గొంతు చించుకున్నానా అని నవ్వొచ్చింది. పేరు చెప్పను. చెప్పినా మా శాలిబండలో ఎవడికీ నోరు తిరిగేది కాదు.

ఇంగ్లండులో ఎప్పుడూ వాన పడే ఏదో ఊరు వాళ్ళది. ఎనభైల్లో నాలుగు ఆల్బంలు చేసి, ఒకర్నొకరు తిట్టుకుని విడిపోయారు. మొదటిది ఎవరి గరాజులోనో చేసినట్టు ఉంటుంది, కానీ అందులో కోపం నిజం. రెండోదానికి డబ్బులొచ్చాయి, కీబోర్డు కొన్నారు, కోపం పోయి మూలుగు మిగిలింది. మూడోది ఎందుకు చేశారో వాళ్ళకే తెలియాలి. నాలుగో ఆల్బం గురించి మాత్రం సికింద్రాబాదులో ఒక హాలు నిండా జనానికి నేను గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. ఆ ఘనకార్యం గురించే చెప్పాలి.

మా నాన్న గుంటూరు నుంచి సర్కారీ ఉద్యోగానికి వచ్చి హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండలో వాటా అద్దెకు తీసుకున్నాడు. నేను అక్కడే పెరిగాను. బళ్ళో నా పక్క బెంచీ వాడికి ఫలక్‌నుమా దగ్గర బర్రెల కొట్టం ఉండేది. పది తర్వాత వాడు చదువు మానేసి పాల పనిలో పడ్డాడు. పొద్దున్నే సైకిల్ మీద మా ఇంటికి పాలు తెచ్చేవాడు, గేటు దగ్గర నిలబడి నాకోసం ఈల వేసేవాడు. వాళ్ళ బావ దుబాయి నుంచి టేప్ రికార్డర్ తెచ్చాడు. నా దగ్గర ఇంగ్లీషు ఉంది, వాడి దగ్గర టేప్ రికార్డర్ ఉంది. అలా సాగింది మా సంగీత సాధన, మధ్యాహ్నాలు, కొట్టంలో, పన్నెండు బర్రెల మధ్య.

క్యాసెట్లు లాడ్ బజార్ పక్క గల్లీలో చేయించుకునేవాణ్ణి. రెండు గాజుల కొట్ల మధ్య ఇరుక్కున్న రికార్డింగ్ దుకాణం. అది నడిపే భాయ్‌కి తమ్ముడొకడు ఇంగ్లండులో ఉండి రికార్డులు పంపేవాడు. భాయ్‌కి ఆ బ్యాండు పేరుతో పనిలేదు, 'రోనేవాలీ పార్టీ' అనేవాడు, ఏడ్చే బృందం అని. అంతకంటే మంచి సమీక్ష నేను ఇప్పటికీ చదవలేదు. ఆయనకో పద్ధతి ఉండేది. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక్క నిమిషం కూడా ఖాళీ వదిలేవాడు కాదు. "సాఠ్ మినట్ బోలే తో సాఠ్ మినట్ దేనా" అనేవాడు, అరవై అంటే అరవై ఇవ్వాల్సిందే అని. ఆల్బం ఒక వైపు ఇరవై రెండు నిమిషాలకే అయిపోతే, మిగతా ఎనిమిది నిమిషాలు ఏ హిందీ సినిమా పాటలతోనో నింపేసేవాడు. అవి మొదలవగానే నేను ముఖం మాడ్చుకుని టేపు ఆపేసేవాణ్ణి.

మావాడికి ఇంగ్లీషు ముక్క రాదు. కానీ మూడో ఆల్బం మొదటిసారి వింటూ, బర్రెకు దాణా కలుపుతూనే అన్నాడు: "డ్రమ్ము కొట్టెటోడు మారిండురా. మునుపటోడు ఎడమ చేత్తోని గట్టిగ కొడ్తుండె."

"పేలకు" అన్నాను.

మూడు నెలల తర్వాత ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన ఓ పాత ఇంగ్లీషు పత్రికలో చదివాను, డ్రమ్మర్ మానేశాడని. ఆ సంగతి వాడికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు నన్ను నేను అడగనూ లేదు.

అదే పత్రికలో, సగం చిరిగిన పేజీలో, నాలుగో ఆల్బంతో బ్యాండు తూర్పు వైపు తిరిగిందని రాసి ఉంది. అప్పటికే నా దగ్గర ఆ క్యాసెట్టు ఉంది. రెండో వైపు చివరి పాట ఒట్టి డ్రమ్ముల మోతతో సన్నగిల్లుతుంది, వెంటనే ఢోలక్ అందుకుంటుంది, ఆడవాళ్ళు ఉర్దూలో గుంపుగా పాడతారు, మధ్యలో ఎవరో నవ్వుతారు. భాయ్ నింపే సినిమా పాటలు కావవి. నా తల తిరిగిపోయింది. లండనులో ఉన్న మనవాళ్ళ చేత పాడించారన్నమాట, తూర్పు అంటే ఇదన్నమాట.

సికింద్రాబాదులో అప్పుడొక సంగీత శ్రవణ బృందం ఉండేది. మే నెలలో మందపాటి కార్డురాయ్ ప్యాంట్లు వేసుకునే రకం. మూసీ దాటి వచ్చినవాణ్ణి లోపలికి రానివ్వడమే గొప్ప వాళ్ళ దృష్టిలో. ఆదివారం మధ్యాహ్నం ఆ బ్యాండు గురించి మాట్లాడమన్నారు. నచ్చితే సభ్యుడిగా తీసుకుంటారట. ఆ వారం నాకు నిద్ర లేదు, అన్నం సయించలేదు. ఆ గుంపులో చేరితే శాలిబండ వాసన వదిలిపోతుందని నా నమ్మకం. మావాడు టేప్ రికార్డర్‌ని సైకిల్ క్యారియర్‌కి కట్టుకుని అంత దూరం తొక్కుకుంటూ వచ్చాడు. నేను బస్సులో వెళ్ళాను, చొక్కా నలగకూడదని.

దంచేశాను. పశ్చిమం అలసిపోయిందన్నాను, ఢోలక్ దగ్గర మోకరిల్లిందన్నాను. ఆ ఎనిమిది నిమిషాలూ వినిపించాను. అందరూ కళ్ళు మూసుకుని తలలూపారు. ఒకాయన లండనులో వాళ్ళ కజిన్ ఇంట్లో ఇదే విన్నాడట, రికార్డు మీద ఇంకా లోతుగా ఉంటుందట.

అప్పుడు వెనకనుంచి మావాడు, సంతోషంగానే, తెలిసినవాళ్ళు కనబడ్డట్టు అన్నాడు: "అరే, గిది ఇంగ్లీషోళ్ళది కాదురా. మన క్యాసెట్ భాయ్ చెల్లె పెండ్లిల పాడిన్రు. గా పెండ్లికి పాలు మేమే పోసినం. నవ్వేది వాళ్ళ అమ్మ."

హాలంతా నా వైపు తిరిగింది. నిజమేనని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. డ్రమ్మర్ మారాడని చెప్పిన చెవులవి, పొరబడవు. ఒక్క మాట ఒప్పుకుంటే అయిపోయేది. నేను నవ్వి, ముందు ఇంగ్లీషులో, తర్వాత వాడికి కూడా అర్థమయ్యేలా తెలుగులో అన్నాను: "పట్టించుకోకండి. వీడు మా పాలవాడు. టేప్ రికార్డర్ మోసుకొచ్చాడు."

అందరూ నవ్వారు. కార్డురాయ్ పెద్దమనిషి, జానపదులు ప్రతి పాటలోనూ తమ ఊరినే వింటారు, అది చాలా ఆసక్తికరమైన విషయం అన్నాడు. నన్ను చప్పట్లతో చేర్చుకున్నారు. మావాడు చివరిదాకా ఉన్నాడు. టేప్ రికార్డర్ వాడిది కదా, ఎలా వెళ్తాడు. అంతా అయ్యాక వైరు చుట్టుకుని, తాడుతో క్యారియర్‌కి కట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం లాడ్ బజార్‌కి వెళ్ళాను, ఇంకా ఏదో ఆశ. భాయ్ పకపక నవ్వాడు. "ఆఠ్ మినట్ ఖాలీ రహ్ గయా థా మియా. బహెన్ కీ షాదీ కే గీతాఁ డాల్ దియా. అచ్ఛే హై నై?" ఎనిమిది నిమిషాలు మిగిలితే చెల్లెలి పెళ్ళి పాటలు నింపానని, బాగున్నాయి కదా అని అడుగుతున్నాడు. చాలా బాగున్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ గల్లీల్లో తిరుగుతూ, పక్కింటి పెళ్ళి పాట ఒక్కసారైనా చెవిన వేసుకోని వెధవని, అదే పాట లండను నుంచి వచ్చిందనుకోగానే మోకరిల్లాను. తూర్పు సంగతి కూడా తర్వాతెప్పుడో తెలిసింది. వాళ్ళ ఊళ్ళో తూర్పు పేటకి స్టూడియో మార్చారట, అంతే.

ఆ మరునాడు పొద్దున్న, వాడికి చెప్పాల్సిన మాటలన్నీ కూడబలుక్కుని గేటు దగ్గర నిలబడ్డాను. ఈల వినబడలేదు. సైకిల్ బెల్లు మోగింది.

"నువ్వు చెప్పిందే నిజంరా" అన్నాను. "భాయ్‌ని అడిగాను."

వాడు క్యాను మూత తీశాడు. కొలత గిన్నె చేతిలో పట్టుకుని, నా భుజం పక్కనుంచి ఎటో చూస్తూ అడిగాడు.

"ఎంత పొయ్యాలె సార్?"

మా ఇంటికి ఏడేళ్ళుగా రోజూ వాడు పోసేది లీటరే. ఒక్కనాడూ అడిగి ఎరగడు.

"లీటరు" అన్నాను.