కోత పండుగ నాటి సెమీఫైనల్

కరోనా ఆంక్షలు పోయిన రెండో ఏడు, వానకాలం పంటలు ఇండ్లకు చేరే నెలల్లో, మండలాల క్రికెట్ టోర్నమెంటుకు చేవెళ్ల జట్టు సెలెక్టర్‌గా, కోచ్‌గా నన్ను వేసిండ్రు. అప్పటికి నేను సర్కారు హైస్కూల్లో పీఈటీని, అంటే ఆటల సారును. మోకాలు అరిగిపోయి, ముందస్తు రిటైర్మెంటుకు దరఖాస్తు పెట్టుకున్న. ఈ ఒక్క టోర్నమెంటు అయిపోతే విజిల్ మేకుకు తగిలిస్తనని ఇంట్ల చెప్పిన. మా ఇంటామె నమ్మలే. నేను చెప్పేది ఎవరూ నమ్మరు. ఆ సంగతి ముందుగాల్నే చెప్తున్న, ఎందుకంటే ముందు ముందు దానితోని పని ఉన్నది.

ఒకసారి మా ఓపెనర్ కొట్టిన బంతి రోడ్డు మీద పోతున్న క్యారెట్ల వ్యాన్‌ల పడ్డది. బంతి ఇంకా నేల తాకలేదు కాబట్టి సిక్సర్ ఇయ్యనని అంపైర్ పట్టుబట్టిండు. బస్సెక్కి పట్నం దాకా వ్యాన్ వెనుకే పోయిండు. మార్కెట్ల బస్తా కింద దించినంక, హమాలీల నడుమ నిలబడి రెండు చేతులు పైకి లేపి వచ్చిండు. ఇది నేను కండ్లార చూసిన. రెండు మండలాల్లో ఈ ముచ్చట విననోడు లేడు, నమ్మినోడూ లేడు.

లీగ్ దశలో ఒక మ్యాచ్ పోయినా పాయింట్లతోని సర్దుకోవచ్చు. నాకౌట్‌లో ఓడితే కిట్ బ్యాగు కట్టుకొని ఇంటికి పోవుడే. మాకు సెమీఫైనల్ మొయినాబాద్‌తోని పడ్డది. ఆదివారం పొద్దున, మా మొరం మైదానంలో.

మాది పచ్చిక పిచ్ కాదు, మ్యాటు. రోలర్ తొక్కిన గట్టి మొరం మీద కొబ్బరి పీచు చాప పరిచి, అన్ని దిక్కులా గుంజి మేకులు కొడతరు. పొద్దున అది బిగువుగ ఉంటది, బంతి తిన్నగ వస్తది. మధ్యాహ్నానికి కాళ్ల కింద నలిగి జర వదులైతది. అప్పుడు స్పిన్ బంతి పీచును పట్టుకొని పక్కకు మళ్లుతది. ఆ పీచును వాడుకునే మనిషి మా జట్టులో ఒక్కడే. ముడిమ్యాల ఊరి సామ్యేల్, ఎడమ చేతి స్లో బౌలర్. కరెంటు లైన్‌మన్ నౌకరి.

సామ్యేల్‌కు ముప్పై అయిదు దాటినయి. అంతకుముందు జరిగిన రెండు టోర్నమెంట్లల్ల కూడ లీగ్‌లో అందరికంటె ఎక్కువ వికెట్లు తీసి, నాకౌట్ వచ్చేసరికి జట్టు బయట నిలబడ్డడు. నాకౌట్లు ఆదివారం పెడతరు, అతను ఆదివారం పొద్దున చర్చి వదలడు. ఈసారి నా దగ్గరికి వచ్చి ఒకటే మాటన్నడు. “సార్, పనికి పిలిచి పెండ్లికి పిలవకపోతే ఎట్ల? ఈసారి కూడ పక్కన పెడితే ఇంక బంతి ముట్ట.”

అది ఉత్త బెదిరింపు కాదు. ఆ మనిషి స్తంభమెక్కి ఎంత నిమ్మళంగ మాట్లాడుతడో, గట్లనే చెప్పిండు.

చిక్కేందంటే, ఆ ఆదివారం వాళ్ల కోత పండుగ. పంట చేతికొచ్చినందుకు దేవునికి తొలి ఫలాలు తెచ్చి చర్చిలో పెడతరు. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు, ఒక్కోసారి మేకపిల్ల. ఆరాధన ముగిసినంక అవన్నీ వాకిట్లో వేలం వేస్తరు. వేలం వేసేది సామ్యేల్. అంతకుముందు వాళ్ల బాపు వేసేటోడు. ఆఖరి సొరకాయ అమ్ముడుపోయేదాక కదిలేటందుకు లేదు.

మా కెప్టెన్ మహిపాల్ రెడ్డి. వాళ్ల నాయిన మండలంలో లీడరు. మహిపాల్‌కు కూడ మైకు దొరికితే దించబుద్ధి కాదు, మైకు లేకున్నా ఆగడు. పదకొండు మంది పేర్లు చదువుతుంటే సామ్యేల్ దగ్గర నన్ను ఆపిండు.

“సార్, మధ్యాహ్నం వచ్చేటోని కోసం పది మందితోని ఆడుమంటరా? మా బామ్మర్ది ఖాళీగనే ఉన్నడు.”

“ఖాళీగ ఉండుడే క్వాలిఫికేషన్ అయితే, బస్టాండుకు పోయి పదకొండు మందిని తెచ్చుకుందం పటేలా,” అన్న.

సెలెక్షన్‌లో కెప్టెన్ మాట వింటరు, సంతకం మాత్రం సెలెక్టర్‌ది. నేను సంతకం పెట్టిన. ఓడితే తప్పు నాదేనని, జట్టు అందరి ముందర చెప్పుమని కూడ అన్న. మహిపాల్ సరేనన్నడు, ఆ రెండో మాటకు జర తొందరగనే.

ఇంక నిబంధనల సంగతి. టాస్ వేయకముందే పదకొండు పేర్లు అంపైర్లకు ఇయ్యాలె. ఆ తర్వాత ఎదుటి కెప్టెన్ ఒప్పుకోకుంటే మార్చేటందుకు లేదు. ఫీల్డింగ్ మొదలైనప్పుడు మైదానంలో లేని ఆటగాడు ఎంతసేపు బయట ఉంటడో, వచ్చినంక దాదాపు అంతసేపు ఊకె నిలబడాలె. అటెన్కనే బౌలింగ్. బ్యాటింగ్‌కు ఈ చిక్కు లేదు, అతని వంతు వచ్చేదాక లేకున్నా నడుస్తది. అంటే మేం ముందుగ బ్యాటింగ్ చేయాలె. ముప్పై ఓవర్లూ ఆడాలె. సామ్యేల్ వచ్చేలోపల తొమ్మిది వికెట్లు పడితే మాకు పదో మనిషికి జోడీ ఉండడు, ఇన్నింగ్స్ అక్కడికే బంద్.

“మరి టాస్ వాళ్లు గెలిస్తే?” అన్నడు మహిపాల్. దానికి జవాబు నేను శనివారం సాయంత్రం మొయినాబాద్ పోయి వెతుక్కున్న.

అక్కడ చౌరస్తాల హోటల్ ముందర వాళ్ల జట్టు చాయ్ తాగుతున్నది. వాళ్ల కెప్టెన్ శ్రీకాంత్‌ది చిన్న మంగళారం ఊరు, చామంతి తోటల మనిషి, ఆటలో మంచి బుర్ర ఉన్నోడు. నన్ను చూసి కుర్చీ జరిపిండు.

“రండి సార్. క్యారెట్ల వ్యాన్ ఎటు పోయింది?”

అందరు నవ్విండ్రు. నేనూ నవ్వి కూసున్న. రేపు టాస్ గెలిస్తే ఏం చేస్తరని అతనే అడిగిండు.

“బ్యాటింగే,” అన్న. “మా సామ్యేల్‌కు చర్చిలో కోత పండుగ ఉన్నది. కోళ్ల వేలం అయ్యేదాక రాడు. మీరు ముందు బ్యాటింగ్ తీసుకుంటే మా పని ఖతం.”

వెనుక బెంచీ నుంచి ఎవరో, “కోళ్ల వేలమట రా!” అన్నడు. హోటల్ అంత నవ్వుల పడ్డది. శ్రీకాంత్ మాత్రం నా మొఖం చూస్తున్నడు. నేను చాయ్ ఊదుకుంట కూసున్న.

ఈ సంగతి చెప్తే మహిపాల్ నెత్తి పట్టుకున్నడు. “ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చిండ్రా! పాగల్ అయిండ్రా సార్?” ముప్పై ఏండ్ల నుంచి సంపాదించుకున్న పేరు ఒక్కనాడన్న పనికి రావాలె గద అన్న. లోపల నాకూ గుబులుగనే ఉన్నది. వాళ్లు నమ్మితే సామ్యేల్ ఆట అక్కడితోని సరి, నా సంతకమే అతన్ని ముంచినట్టు.

ఆదివారం పొద్దున టాస్ శ్రీకాంత్ గెలిచిండు. పేర్లు రాసిన కాగితంలో సామ్యేల్ పేరు చూసిండు, నా దిక్కు చూసిండు, చిన్నగ నవ్విండు. “సార్‌కు బౌలింగ్ కావాల్నని ఉన్నట్టున్నది. అది మేమే చేస్తం,” అన్నడు.

బ్యాటింగ్ దొరికింది గాని, నిలబడుడు మిగిలింది. బిగిసిన మ్యాటు మీద బంతి బాగనే వస్తున్నది, మావోళ్లే తొందరపడ్డరు. సగం ఓవర్లకే సగం మంది బయటికి వచ్చిండ్రు. క్రీజులో మహిపాల్ ఉన్నడు. సిక్సర్ కొట్టకుంటే అన్నం అరగని మనిషి. డ్రింక్స్ టైమ్‌ల దగ్గరికి పోయి, గాల్లోకి ఒక్క బంతి లేపినా ఊకోనని చెప్పిన. పళ్లు కొరుక్కుంట తలూపిండు. ఇంక బంతిని చంపుడే పని. ఒకటి, ఎప్పుడన్న ఒకసారి రెండు. మొయినాబాద్ వాళ్లు గేలి మొదలుపెట్టిండ్రు. “లీడర్ సాబ్, చేతిల ఉన్నది బ్యాటా, జెండా కట్టెనా?” మహిపాల్ మాట్లాడలే. అతను మాట్లాడకుండ అంతసేపు ఉండంగ నేను మళ్ల చూడలే.

ఎనిమిదో వికెట్ పడ్డంక ఫోన్ చేసిన. సామ్యేల్ తమ్ముడు ఎత్తిండు. వెనుక నుంచి సామ్యేల్ గొంతు వినవస్తున్నది, “మేకపిల్ల, రెండోసారి!” ఇద్దరు పెద్దమనుషులు మేకపిల్ల మీద పంతానికి పోయిండ్రని, ఇంకా రెండు కోళ్లు ఉన్నయని తమ్ముడు చెప్పిండు. నేను ఆ కోళ్ల కోసం మొక్కినంత, నా ఉద్యోగం కోసం కూడ మొక్కలే.

ఎనిమిది వికెట్లతోనే ముప్పై ఓవర్లు నిండినయి. మహిపాల్ నాటౌట్. స్కోరు గొప్పది కాదు, కొట్లాడేటందుకు సరిపోతది.

అంపైర్లు మళ్ల లోపలికి నడుస్తుంటే సామ్యేల్ బండి వచ్చింది. పండుగకు కట్టుకున్న తెల్ల అంగి, తెల్ల ప్యాంటు, బట్టలు మార్చే పని లేదు. బూట్లు తొడుక్కొని ఉరికిండు. ఏమన్న అడిగితే నోరు తెరిచిండు గాని మాట రాలే. పొద్దుటి నుంచి అరిచి అరిచి గొంతు పూర్తిగ పోయింది.

మ్యాటు వదులైంది. బంతి పీచును పట్టుకున్నది. సామ్యేల్ ఒక దిక్కు నుంచి వికెట్లు తీసుకుంట పోతుంటే, రెండో దిక్కు శ్రీకాంత్ పాతుకున్నడు. ఆఖరి జోడీ. రెండు బౌండరీలు పడితే మ్యాచ్ వాళ్లది. అప్పుడు సామ్యేల్ వేసిన ఒక బంతి మళ్లకుండ నేరుగ పోయి శ్రీకాంత్ ప్యాడ్‌కు తగిలింది. వికెట్ల ఎదురంగ.

క్రికెట్‌లో ఎవరన్న అప్పీల్ చేస్తేనే అంపైర్ ఔట్ ఇస్తడు. అడగకుంటే కండ్ల ముందర ఔటైనా ఇయ్యడు. సామ్యేల్ రెండు చేతులు చాపి నోరు తెరిచిండు. చప్పుడు లేదు. కీపర్ కాళ్ల సందున బంతిని వెతుక్కుంటున్నడు. అంపైర్ స్తంభం తీరు నిలబడ్డడు. అప్పుడు మిడాన్ నుంచి మహిపాల్ లేచిండు. సామ్యేల్‌ను వద్దన్న మహిపాలే. పొద్దుటి నుంచి నోట్లో ఆపుకున్న మాటలన్ని ఒక్కసారి బయటికి వచ్చినట్టు అరిచిండు, “హౌజ్ దట్!” ఆ అరుపుకు ఎక్కడో దూరంల ఉన్న కనకమామిడి ఊరి ఫామ్‌హౌసుల కుక్కలు మొరిగినయని చెప్తే మీరు నమ్మరు, అందుకని చెప్త లేను. అంపైర్ వేలు లేపిండు.

శ్రీకాంత్ చేతి గ్లౌజులు విప్పుకుంట నా దగ్గరికి వచ్చిండు. “కోళ్లు నిజమేనా సార్?”

“నిజమే బిడ్డా. మేకపిల్ల కూడ.”

“గిట్ల నిజం చెప్పి ముంచుతరా సార్ ఎవరన్న?” అని నవ్వి చెయ్యి కలిపిండు.

ఫైనల్ మాత్రం శనివారం పెట్టిండ్రు. సామ్యేల్ అందరికంటె ముందే వచ్చిండు. ఓడిపోయినం.

సెలెక్టర్ పని గురించి ఆ ఆదివారం నాకు తెలిసింది ఇంతే. ఖాళీగ ఉన్నోన్ని ఎంచుకొని ఆటను నెట్టుకరావద్దు. కావల్సినోన్ని ఎంచుకొని, ఆటను అతని దాకా లాక్కపోవాలె. దానికి ఒకడు బ్యాటు ఆపుకోవాలె, ఇంకొకడు గొంతు ఇయ్యాలె. మరుసటేడు నేను రిటైర్ అయిన, సెలెక్షన్ మహిపాల్ చేతికి పోయింది. నాకౌట్ తారీఖులు ఖాయం చేయకముందు అతను మొదటి ఫోన్ ముడిమ్యాలకు చేసి, కోత పండుగ ఎప్పుడని అడిగిండు.