మందారాలకు కాపలా

మా నాన్న రంగూన్ రేవులో మూటలు మోసేవాడు. మిలిటరీ రాజ్యం వచ్చిన కొన్నేళ్లకు ఒక రోజు రేవు కూలీలంతా పని ఆపేశారు. ఆ రోజు సైనికులు జీపుల్లో ఎక్కించుకుపోయిన వాళ్లలో నాన్న కూడా ఉన్నాడని పక్కింటి బర్మా ఆయన వచ్చి చెప్పాడు. ఎక్కడికి తీసుకెళ్లారో చెప్పే నాథుడు లేడు. అమ్మ వాగు దాటి రంగూన్ వెళ్లి మూడు రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగింది. నాలుగో రోజు అమ్మవారికి మొక్కుకుంది. నలభై ఒక్క రోజులు, రోజూ తొమ్మిది మందారాలు, ఒక్కటీ ఎంగిలి కాకూడదు. నాన్న ఇంటికి రావాలి.

వాగుకు ఇవతల తాకేటాలో, మా చెక్క ఇంటి ముందు మందార చెట్టు ఉండేది. దాని మీద పెత్తనమంతా ఒక తేనెపిట్టల జంటది. తేనెటీగ వాలితే పువ్వు ఎంగిలి కాదట, పిట్ట ముక్కు పెడితే ఎంగిలట. ఈ చట్టం ఎవరు రాశారో నాకిప్పటికీ తెలియదు. పైగా మొగ్గ కోయకూడదు, పూర్తిగా విచ్చుకున్నాకే కోయాలి. పిట్టలకు ఇలాంటి నియమాలేవీ లేవు.

"లే గుంటా! పిట్టొచ్చేత్తాది, కాపలా కాయి" అని అమ్మ తెల్లవారగానే లేపేది. నాకు ఎనిమిదేళ్లు. పుల్ల పట్టుకుని చెట్టు కింద నిలబడేదాన్ని.

ఆ పిట్ట నా అరచేతిలో పట్టేంత ఉంటుంది. మగదాని గొంతు నల్లగా కనిపించి, ఎండ పడగానే నీలంగా మెరిసేది. పొట్ట పసుపు. ఆడదానికి ఆ నీలం లేదు. గూడు కట్టే చాకిరీ మాత్రం దానిదే. సాలెగూడు దారాలు, ఎండుగడ్డి తెచ్చి మా చూరుకు సంచిలా వేలాడదీసింది. పక్కన చిన్న గుమ్మం, గుమ్మం పైన చూరు కూడా పెట్టింది. మగది కొమ్మ మీద కూర్చుని పాటలు పాడేది. మా వీధిలో అలాంటి మగవాళ్లు చాలామందే ఉండేవారు. నాన్న అలాంటివాడు కాదు.

దాని వంకర ముక్కు మందారం అడుగుదాకా అందదు. అందుకని వెనకనుంచి వచ్చి, కాడ పట్టుకుని, తొడిమ దగ్గర కన్నం పొడిచి తాగేది. ముందునుంచి చూస్తే పువ్వు నిక్షేపంగా ఉండేది. దొంగముండ!

ఇరవై మూడో రోజు గూట్లో పిల్లలు నోళ్లు తెరిచాయి. తల్లి వాటికి సాలెపురుగులు తినిపిస్తుంటే నోరెళ్లబెట్టి చూస్తూ నిలబడిపోయాను. తిరిగి చూసేసరికి మగది చెట్టంతా ముగించింది. అన్ని పువ్వులకూ కన్నాలే. భయంతో తొమ్మిది కోసి, తొడిమలు కిందికి పెట్టి పళ్లెంలో సర్ది ఇచ్చాను. అమ్మ పళ్లెం అందుకుని అమ్మవారి ముందు పెట్టింది.

నలభై ఒక్క రోజులు అయిపోయాయి. నాన్న రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. నావల్లే రాలేదని నాకు రూఢిగా తెలుసు. పెళ్లయినా, పిల్లలు పుట్టినా ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

అమ్మ మంచాన పడ్డాక, ఒక మధ్యాహ్నం తల దువ్వుతూ చెప్పేశాను. ఏడుపు ఆగలేదు. అమ్మ తల కూడా తిప్పలేదు.

"నాకు తెలుసు. ఆ రోజేటి, రోజూ రెండో మూడో కన్నాలుండీవి."

"మరి నన్నెందుకమ్మా కాపలా పెట్టావు?"

"ఊరికే కూకుంటే నాన్నేడని అడిగీదానివి. నానేటి సెప్పీదాన్ని?"