తొండియార్‌పేటలో లాక్ తీసిన మనిషి

దయ్యాల కబుర్లు మొదలైతే అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయే రకం మనిషిని నేను. పూనకాలు, శకునాలు, కలలో కనిపించి చెప్పడాలు, వేటినీ ఎప్పుడూ నమ్మలేదు. నా బతుకుతెరువు కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం. మనం రాసింది తప్ప ఇంకేదీ చెయ్యని యంత్రంతో రోజంతా గడిపేవాడికి, కారణం లేకుండా ఏదో జరిగిందంటే నవ్వొస్తుంది. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం చెప్తాను. అందులో నన్ను నేను మంచివాడిగా చూపించుకునే వీలు లేదు. ఇన్నేళ్ళు నోరు విప్పకపోవడానికి అదే కారణం.

తొంభైల చివర్లో మద్రాసులో షావుకారుపేట దగ్గర ఒక మేడమీది గదిలో నేనూ, భాస్కర్ అనే స్నేహితుడూ కలిసి పనిచేసేవాళ్ళం. కంప్యూటరు క్లాసులో పరిచయమయ్యాడు. గూడూరు వైపు నుంచి వచ్చి తొండియార్‌పేటలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. పప్పుల మండీలకూ, బట్టల కొట్లకూ బిల్లింగు, స్టాకు ప్రోగ్రాములు విజువల్ బేసిక్‌లో రాసి, ఫ్లాపీల్లో పట్టుకెళ్ళి వాళ్ళ మిషన్లలో ఎక్కించి వచ్చేవాళ్ళం.

ఆ రోజుల్లో మా పనిలో అందరికీ ఒకటే భయం. ఒక కొట్టుకిచ్చిన ఫ్లాపీలు మర్నాటికల్లా పక్క కొట్లో ఉండేవి. అందుకని ప్రతివాళ్ళూ తమ ప్రోగ్రాములో ఒక లాక్ పెట్టేవాళ్ళు. మా లాక్ ఇలా ఉండేది. ప్రోగ్రాము ఎక్కించగానే తెరమీద ఒక నంబరు వస్తుంది. కొట్టువాళ్ళు ఫోన్ చేసి ఆ నంబరు చెప్తే, మేము ఒక లెక్క కట్టి జవాబు నంబరు చెప్తాం. అది కొడితేనే ప్రోగ్రాము తెరుచుకుంటుంది. కొందరు మిషన్లో తేదీ వెనక్కి తిప్పి మోసం చేస్తుండటంతో ఇంకో కాపలా కూడా పెట్టాం. తేదీ వెనక్కి వెళ్ళినట్టు కనిపిస్తే ప్రోగ్రాము మళ్ళీ లాక్ పడుతుంది, కొత్త నంబరు అడుగుతుంది. ఆ లెక్క మా ఇద్దరికే తెలుసు.

ఒకసారి మేము ఇవ్వని ఒక మండీలో మా ప్రోగ్రాము నడుస్తూ కనిపించింది. లాక్ కూడా సరైన నంబరుతోనే తీసి ఉంది. నేనివ్వలేదు. కాబట్టి భాస్కరే ఇచ్చాడనుకున్నాను.

"నేనెందుకు ఇస్తాన్రా ప్రసాదూ? ఇది నా చేత్తో రాసింది గదా!" అన్నాడు.

"నీ చేత్తో రాసిందే నీ చేత్తోనే పోయింది" అన్నాను.

వాడు గది తాళంచెవి బల్లమీద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మణలిలో ఉన్న అక్క ఇంటికి మారి, అక్కడే ఏదో ఫ్యాక్టరీ స్టోర్సులో చేరాడని తర్వాత విన్నాను. వాడు వెళ్ళగానే నేను చేసిన మొదటి పని లాక్ లెక్క మార్చడం. పాత లెక్కతో ఏమాత్రం పోలిక లేని కొత్త లెక్క ఒకటి తయారుచేసి, మాకున్న కొట్లన్నిటికీ తిరిగి ప్రోగ్రాము మార్చి వచ్చాను.

కొన్ని నెలలకు అసలు సంగతి బయటపడింది. అంతకుముందు నా హార్డ్ డిస్కు పాడైతే రిచీ స్ట్రీట్‌లో ఒక రిపేరు కొట్లో ఇచ్చాను. లెక్క కట్టే ప్రోగ్రాముతో సహా అన్నీ అందులోనే ఉన్నాయి. అక్కడి కుర్రాళ్ళు మొత్తం కాపీ చేసుకున్నారు. దొంగకు తలుపు తీసిపెట్టింది నేనే.

ఆ మాట భాస్కర్‌కి చెప్పాలి. మణలి ఎంతో దూరం కూడా కాదు. ఈ ఆదివారం వెళ్దాం, వచ్చే ఆదివారం వెళ్దాం అనుకుంటూ వాయిదా వేశాను. వాడి ముఖం చూడటానికి సిగ్గు. ఆ సిగ్గులో ఉండగానే, ఎన్నూరు రోడ్డుమీద వాడి సైకిల్‌ని కంటైనర్ లారీ కొట్టేసిందని కబురొచ్చింది. శవాన్ని ఊరికి తీసుకెళ్ళారు. నేను వెళ్ళలేదు.

ఇక ఎస్తేరమ్మ సంగతి. ఆమె రిటైరైన నర్సు. తొండియార్‌పేటలో ఒక చర్చి వెనకనున్న గదిలో రక్తదాతల సంఘం నడిపేది. ఏ ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినా, అడిగిన గ్రూపు రక్తమున్న మనిషిని వెతికి పంపడమే వాళ్ళ పని. అక్కడి ప్రోగ్రాము భాస్కర్ తెచ్చిన పనే. వాళ్ళకి ఉచితంగా చేసిపెట్టాం. చేతిరాత కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాక, చెదలు పట్టాయని వాటిని కాల్చేశారు.

"ఈళ్ళకి లాక్ ఎందుకురా? రక్తం ఇచ్చేవాళ్ళ పేర్లు ఎవడు ఎత్తుకుపోతాడు?" అనేవాడు భాస్కర్. వాడున్నన్నాళ్ళు అక్కడ లాక్ పెట్టనివ్వలేదు. వాడు వెళ్ళాక నేను అక్కడా పెట్టాను, కొత్త లెక్కతోనే. దాతల జాబితా మొత్తం ఒకేసారి అచ్చు తీసే వీలు కూడా తీసేశాను. ఎవరినీ నమ్మకపోవడమే తెలివి అనుకునే రోజులవి.

భాస్కర్ పోయిన ఏడే, కార్తీకంలో వాన విడవకుండా పట్టుకుంది. ఉత్తర మద్రాసంతా నీళ్ళు, కరెంటు లేదు. ఆ రోజు నేను గిండిలో ఒక పెద్ద కంపెనీలో మా ప్రోగ్రాము నడిపి చూపిస్తున్నాను. అది కుదిరితే మండీల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది. ఉదయం, ఆ పని మధ్యలో, నడుముకున్న పేజర్ మోగింది. చూశాను. మిషను ఆగిపోయింది, పేషెంటు సీరియస్, వెంటనే ఫోన్ చెయ్యి, ఎస్తేరమ్మ.

నిజం చెప్పాలి. నాకు ఏమవుతుందో అర్థమైంది. తెల్లారి కరెంటు వచ్చుంటుంది, మదర్‌బోర్డు మీద తేదీని నిలిపి ఉంచే సెల్ అయిపోయి తేదీ వెనక్కి పోయుంటుంది, లాక్ పడుంటుంది. ఒక్క ఫోన్ చేసి జవాబు నంబరు చెప్తే చాలు. కానీ ఎదురుగా పెద్ద మేనేజర్లు కూర్చున్నారు. లేచి ఫోన్ అడిగితే, వీడి ప్రోగ్రాములు ఆగిపోతుంటాయా అనుకుంటారు. తొందరపెట్టడానికి అందరూ సీరియస్ అనే రాయిస్తారులే అనుకున్నాను. పేజర్ ఆపేశాను.

మధ్యాహ్నం దాటాక బయటపడి ఫోన్ చేస్తే వాళ్ళ లైను మోగలేదు. స్కూటరు మీద బయల్దేరాను. బేసిన్ బ్రిడ్జి దాటాక మోకాళ్ళ లోతు నీళ్ళలో తోసుకుంటూ, తొండియార్‌పేట చేరేసరికి సాయంత్రం కావస్తోంది. ఆమె తిడుతుందని సిద్ధపడే లోపలికి వెళ్ళాను. ఎస్తేరమ్మ తాపీగా కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతోంది. కంప్యూటరు నడుస్తోంది. తెరమీద మా ప్రోగ్రాము తెరిచే ఉంది.

"వచ్చినావా తంబీ? నిండా సీక్రం వచ్చినావు పో!" అంది, ఎంత తొందరగా వచ్చావో అన్నట్టు ఎగతాళిగా. "అప్పుడే అయిపోయింది పని. భాస్కర్ వచ్చి తీసిచ్చి పోయినాడు."

"ఏ భాస్కర్ అక్కా?"

"ఏందబ్బా, ఎంతమంది భాస్కర్లు ఉండారు నీకు? మన భాస్కరే. చిక్కిపోయినాడు పావం. నిండా తడిసిపోయి వచ్చి ఆడ కూసున్నాడు. తుండుగుడ్డ ఇచ్చినాను. కాఫీ కలిపేలోపల వెళ్ళిపోయినాడు."

ఆమెకు వాడు పోయిన సంగతి తెలియదు. శవాన్ని నేరుగా వాళ్ళ ఊరికి తీసుకెళ్ళారు కాబట్టి తొండియార్‌పేటలో ఎవరికీ తెలియదు. నేను కుర్చీ మెత్త మీద చెయ్యి పెట్టి చూశాను. ఇంకా చెమ్మగానే ఉంది. కిటికీ కమ్మీకి తుండుగుడ్డ ఆరేసి ఉంది.

ఏం చేశాడని అడిగాను. ఎప్పటి అలవాటు లాగే కీబోర్డు తలకిందులు చేసి రెండు తట్లు తట్టాడట. తెరమీది నంబరు అరచేతిలో పెన్నుతో రాసుకుని, అక్కడే ఏదో లెక్క కట్టి జవాబు కొట్టాడట. భాస్కర్ ఎప్పుడూ కాగితం వాడేవాడు కాదు. అరచేతిలోనే రాసుకునేవాడు.

"సెల్లు మార్పించుకో అక్కా అని చెప్పినాడు. ఇంకోటి కూడా చెప్పినాడు."

"ఏం చెప్పాడు?"

"ప్రసాదు వస్తే ఏమీ అనబాకక్కా, వాడికి ముఖ్యమైన పనుండాది, రాలేకపోయాడు, అన్నాడు. అందుకే నిన్ను తిట్టలేదు, లేకుంటే ఇయాళ నీ కత వేరే ఉండేది!"

ఆమె నవ్వుతోంది.

అప్పుడే ఒకతను వానలో తడుస్తూ లోపలికి వచ్చాడు. పేరు కోటయ్య, రాయపురం చేపల రేవులో ఐసు మోసే మనిషి. ఆ రోజు ఆసుపత్రిలో ఉన్నది అతని భార్యే. కాన్పులో రక్తం ఆగక పడిపోయిందట. ఓ నెగటివ్ రక్తం కావాలి, బ్లడ్ బ్యాంకులో లేదు. ప్రోగ్రాము తెరుచుకున్నాక, నాలుగు వీధుల అవతలున్న ఒక ప్రెస్సు పనివాడి పేరు దొరికింది. అతన్ని సైకిల్ రిక్షాలో నీళ్ళలోనే తీసుకెళ్ళారు. లాక్ పడి తెర మూసుకుపోయి ఉన్నంతసేపూ కోటయ్య ఇక్కడే, ఆ బల్ల పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఈయనా ఆ ఆఫీసే" అని ఎస్తేరమ్మ నన్ను చూపించింది.

అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అన్నా, మీ ఆఫీసు అన్న దేవుడు మాదిరి వచ్చినాడన్నా. డాక్టరమ్మ చెప్పింది, ఇంకొంచెం ఆలస్యమైతే చేసేదేమీ లేదని. ఆడబిడ్డ. ఇద్దరూ బాగుండారని ఆయనకి చెప్పన్నా, మరిచిపోవద్దు."

చెప్తానన్నాను.

వాళ్ళిద్దరూ బయటికి వెళ్ళాక మిషన్ ముందు కూర్చున్నాను. లాక్ తీసిన ప్రతిసారీ, అడిగిన నంబరూ కొట్టిన జవాబూ విండోస్ లోపలి చిట్టా అయిన రిజిస్ట్రీలో ఒకచోట నమోదయ్యేలా నేనే రాశాను. తీసి చూశాను. జవాబు ఒక్కసారే కొట్టారు, మొదటిసారికే సరిపోయింది. పాత లెక్కతో వేసి చూశాను, రాలేదు. కొత్త లెక్కతో వేస్తే అక్షరాలా అదే నంబరు వచ్చింది. ఆ కొత్త లెక్క భాస్కర్ వెళ్ళిపోయాక నేను చేసింది. బతికున్న భాస్కర్‌కి కూడా అది తెలిసే అవకాశం లేదు. ప్రోగ్రాము ఫైలును ఎవరూ తాకలేదు. ఎవరో రిచీ స్ట్రీట్ మనిషి వచ్చి విరగ్గొట్టాడనుకుందామంటే, కోటయ్య కూడా చూశాడు, వచ్చినవాడు ఫ్లాపీ కూడా తేలేదు. కొత్త లెక్క ఎవరైనా ఎత్తుకెళ్ళారనుకుందామంటే, నా గది తాళం నా జేబులోనే ఉంది, తర్వాత వెళ్ళి చూస్తే లోపల ఏదీ కదల్లేదు.

తర్వాత ఎస్తేరమ్మకు వాడు పోయిన సంగతి చెప్పాను. "నా కండ్లతో చూసినాను తంబీ. తల తుడుచుకున్నాడు నా ముందరే. చచ్చినోడికి నేను తుండుగుడ్డ ఇచ్చినానా?" అంది. కోటయ్యను విడిగా పిలిచి, మా క్లాసులో అందరం కలిసి దిగిన ఫోటో చూపించాను. నేనేమీ చెప్పకముందే వెనక వరసలో ఉన్న భాస్కర్ మీద వేలు పెట్టాడు.

వాన తగ్గిన ఆదివారం మణలి వెళ్ళాను. ఇల్లు కనుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు, అంత దగ్గర. వాడి అక్క గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఎవరన్నది చెప్పుకున్నాను. భాస్కర్ ఏ తప్పూ చెయ్యలేదని, పోగొట్టింది నేనేనని, ఆ సంగతి వాడు బతికుండగానే నాకు తెలుసని చెప్పాను. ఆమె తలెత్తలేదు.

"దొంగ అనిపించుకున్నానక్కా అని కంచం ముందర కూసుని లేచిపోయేవాడు. ఆ మాట అప్పుడొచ్చి చెప్పుంటే ఒక పూటన్నా కడుపునిండా తినుండేవాడు. ఇప్పుడెవరికి చెప్తా ఉండావు?"

తొండియార్‌పేట సంగతి ఆమెకు చెప్పలేకపోయాను. చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపు ఆ గడప ముందే నిలబడి, తిరిగి వచ్చేశాను.

ఎన్నో రకాలుగా ఆలోచించాను. ఎస్తేరమ్మ పొరబడిందనుకుంటే కోటయ్య ఉన్నాడు. ఇద్దరూ పొరబడ్డారనుకుంటే ఆ జవాబు నంబరు ఉంది. ఆ నంబరు దగ్గరకొచ్చేసరికి నా తర్కం ప్రతిసారీ ఆగిపోతుంది. దయ్యమనడానికి నాకు నోరు రాదు. ఇంకేమనాలో తెలియదు. ఆ రోజు ఆ గదికి వచ్చింది ఎవరన్నది నేను ఇప్పటికీ చెప్పలేను. రావలసి ఉండి రానిది ఎవరో మాత్రం నాకు బాగా తెలుసు.